ఎమ్మిగనూరు పలక, ఆదోని రక్తం

మా నాయన పోయిన పదమూడో రోజున ఆదోనిలో సంతాప సభ పెట్టారు. ఆరుగురు మాట్లాడారు. వారిలో నలుగురు ఆయన్ను తొంభై ఏళ్ళు బతికిన పుణ్యాత్ముడన్నారు. బతికింది ఎనభై ఎనిమిదేళ్ళ నాలుగు నెలలు. ఒకాయన, సారు పల్లె పల్లెకూ కాలినడకన తిరిగాడని కళ్ళు తుడుచుకున్నాడు. మా నాయనకు సైకిలు ఉండేది. దానికి గంట లేదు గానీ చక్రాలు రెండూ ఉండేవి. ఇంకొకాయన ఈ ప్రాంతం నుంచి దోమను తరిమికొట్టిన మహానుభావుడని చెబుతుండగా, ముందు వరుసలో కూర్చున్నవాళ్ళు మెడలూ మోచేతులూ టపటపా చరుచుకుంటూ విన్నారు. నేను ముప్పై మూడేళ్ళు లెక్కల టీచరుగా పనిచేశాను. తప్పు కనబడితే ఎర్ర సిరాతో కొట్టెయ్యడం అలవాటు. సంతాప సభలో ఎర్ర కలం తీయకూడదు కనక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

సభ అయ్యాక ఆరోగ్యశాఖలో పనిచేసే ఒకతను నా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, సారు మీద చిన్న పుస్తకం ఏస్తాండాము. మీరు నాలుగు ముక్కలు రాసియ్యండి. సారు యాడా ఒక్క రూలు తప్పలేదంట కదా, అది బాగా రాయండి" అన్నాడు. రాస్తున్నాను. తప్పలేదు. ఒక మనిషి ఒక్క రూలూ తప్పకపోతే ఇంట్లో ఉన్నవాళ్ళకు ఏమవుతుందో కూడా రాస్తున్నాను, వేసుకోవడం వేసుకోకపోవడం వాళ్ళ ఇష్టం. తేదీలన్నీ నా దగ్గర ఉన్నాయి. తేదీలు వేస్తే చదివేవాళ్ళు పారిపోతారని ఆ అబ్బాయి భయపడ్డాడు కాబట్టి డెబ్బైల మొదట్లో అని మాత్రం అంటాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

నాయన మలేరియా వర్కరు. ఆయన అసలు పేరు ఎంతమందికి తెలుసో చెప్పలేను గానీ, 'మలేరియా సారు' అంటే కుక్కలు కూడా గుర్తుపట్టేవి. తన సెక్షన్‌లో ఉన్న ప్రతి ఇంటికీ పదిహేను రోజులకొకసారి పోవడం ఆయన పని. పదిహేను అని అందరూ అంటారు, లెక్కకు పద్నాలుగే, శనివారం పోయిన ఇంటికి మళ్ళీ శనివారమే పోవాలి. గడప బయట నిలబడి మూడు ప్రశ్నలు అడగాలి. ఇంట్లో ఎవరికైనా జ్వరముందా? పోయినసారి నేను వచ్చిపోయాక ఎవరికైనా వచ్చిందా? ఇంటికి వచ్చిన చుట్టాల్లో ఎవరికైనా ఉందా? ఉందంటే వేలు పొడిచి, గాజు పలక మీద రక్తపు చుక్క పూసి, అక్కడికక్కడే మాత్రలు మింగించి, పలకను పరీక్షకు పంపాలి. లేదంటే గోడ మీద గీసిన గడిలో తేదీ వేసి పక్కింటికి పోవాలి. ఎవరికైనా చేతనయ్యే పనిలాగే ఉంటుంది. ఇరవై ఆరేళ్ళు చెయ్యమంటే తెలుస్తుంది.

మా ఇంట్లో పొద్దు మొదలయ్యేది స్పిరిటు వాసనతో. నాయన నాలుగున్నరకు లేచి సూదులు ఉడకబెట్టేవాడు. ఆ చిన్న గిన్నె వేరే, పాల గిన్నె వేరే అని ఎన్ని ప్రమాణాలు చేసినా, కాఫీలో స్పిరిటు వాసన వస్తోందని మా అమ్మ ప్రతి రోజూ అనేది. నిజంగానే వచ్చేది. ఆయన ఖాకీ చొక్కాకు మాత్రం స్పిరిటూ చెమటా డీడీటీ కలిసిన ఇంకో వాసన. దానికి వంటింట్లో ప్రవేశం లేదు, వసారాలో మేకుకు వేలాడాల్సిందే. ఆదివారాల్లో వాడిన గాజు పలకలను సోడా నీళ్ళలో కడిగి, పాత పంచె మీద వరసలుగా ఎండబెట్టి, నా చేత లెక్కపెట్టించేవాడు. యాభై అయితే ఒక కట్ట. నలభై తొమ్మిది వస్తే మళ్ళీ మొదటి నుంచి. ఇప్పటికీ నేను కూరగాయల సంచిలో వంకాయలను రెండుసార్లు లెక్కపెడతాను, అది అక్కణ్ణుంచి వచ్చిన జబ్బు. దానికి మాత్రలు లేవు.

ఆ ఏడు నాయనకు ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బదిలీ అయింది. ఉద్యోగి పనిచేసే ఊళ్ళోనే కాపురముండాలని రూలు. మా అమ్మ కదలనంది. కారణం కుళాయి. ఆదోనిలో మేము అద్దెకున్న ఇంటి పెరట్లో సొంత కుళాయి ఉండేది. రోజు విడిచి రోజు గంటసేపు నీళ్ళు వచ్చేవి. ఆ వీధిలో ఇంకే ఇంట్లోనూ లేదు. అమ్మ ఆ కుళాయికి శుక్రవారం శుక్రవారం పసుపు రాసేది. "నీళ్ళకు వీధిలో నిలబడే ఊరికి నేను రాను. మీ నాయనను పొమ్మను" అని నాతో చెప్పింది. నాయన ఎదురుగానే ఉన్నాడు. కోపం వస్తే అమ్మ ఆయనతో నా ద్వారానే మాట్లాడేది, ఇంకా కోపం వస్తే 'సారూ' అనేది. నాయన పై ఆఫీసుకు దరఖాస్తు పెట్టి, నా చదువు కారణంగా చూపి, ఆదోనిలో ఉండడానికి రాతమూలకమైన అనుమతి తెచ్చుకున్నాడు. పొద్దున మొదటి బస్సుకు పోయి, అక్కడే ఉంచిన సైకిలు మీద ఇళ్ళు తిరిగి, చీకటి పడకముందే వచ్చేవాడు.

అట్లా నాయన సెక్షన్ ఎమ్మిగనూరులో, మా ఇల్లు ఆదోనిలో వేరొకాయన సెక్షన్‌లో పడ్డాయి. ఆయన పేరు రాయను, పిల్లలు పెద్దవాళ్ళయి గౌరవంగా బతుకుతున్నారు. ఆయన ఒక కాలు సైకిలు పెడలు మీదే ఉంచి, "జ్వరాలేం లేవు కదమ్మా" అంటూ జవాబు వచ్చేలోగా గోడ మీద తేదీ వేసి వెళ్ళేవాడు. ఒక మంగళవారం అట్లాగే వేసి వెళ్ళాడు. మర్నాడు బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకు నాకు చలి పుట్టింది.

ఇంట్లో ఉన్న రెండు దుప్పట్లూ కప్పి, మీద బొంత వేసి, ఆ మీద మా అమ్మ పడుకున్నా వణుకు ఆగలేదు. పళ్ళు కొట్టుకునే చప్పుడు పక్కింటికి వినబడిందట. ఐదు గంటలకు చెమట పట్టి తగ్గింది. గురువారం ఏమీ లేదు, గోలీలాడుకున్నాను. శుక్రవారం రెండు గంటలకు మళ్ళీ అదే. మలేరియా అని తెలుసుకోవడానికి మలేరియా వర్కరు అవసరం లేదు. కానీ మా ఇంట్లో ఒకాయన ఉన్నాడు కనక ఆయన కోసం ఎదురుచూశాం. నాయన వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టాడు. కళ్ళ కింద రెప్ప లాగి చూశాడు. ఎడమ పక్కటెముకల కింద వేళ్ళతో నొక్కి చూశాడు. తర్వాత కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు.

"రక్తం తీయమను" అంది అమ్మ నాతో.

"ఈ ఇల్లు నా సెక్షన్‌లో లేదు" అన్నాడు నాయన. "ఆయన వచ్చే మంగళవారం కాక ఆపై మంగళవారం వస్తాడు. వచ్చినప్పుడు తీస్తాడు."

"అప్పటిదాకా?"

"ఆయనకు కాగితం రాసి పంపుతా."

రాసి పంపాడు. ఆ సారు మరదలి పెళ్ళికని సెలవు మీద పోయాడు. ఆయన బదులు ఇంకెవరినీ వెయ్యలేదు. అమ్మ నన్ను వీధి చివర డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. జ్వరం రోజున నన్ను కదిలించలేదు కనక జ్వరం లేని రోజున తీసుకుపోయింది. ఆయన నాలుక చూసి, "పాప బాగానే ఉందే" అని ఎర్ర నీళ్ళ మందు ఇచ్చాడు. నేనేమో నా బడి పలక మీద చలి ఎప్పుడు వచ్చింది, చెమట ఎప్పుడు పట్టింది అని గీతలు గీసి రాసుకుంటున్నాను. అది చూసి నాయన ముఖం వెలిగిపోయింది. "శానా బాగా రాసినావు. నిమిషాలు కూడా ఏసినావే!" అని పొగిడాడు. ఆయన నన్ను మెచ్చుకున్నది తక్కువ కనక, చెప్పాలంటే, నాకు జ్వరం మీద కొంచెం ఇష్టం కలిగింది.

ఐదోసారి వచ్చినప్పుడు అమ్మ ఆయన సంచిని తెచ్చి ఎదురుగా పడేసింది. "పలకలు ఉండాయి, సూది ఉండాది, మాత్రలు ఉండాయి. బిడ్డ కూడా ఉండాది. ఇంకేం తక్కువైంది సారూ?"

నాయనకు నిజంగానే బాధ కలిగింది. కానీ ఆ బాధ దేనికో వినండి. "ఆ పలకలు ఎమ్మిగనూరువి" అన్నాడు. "ఎమ్మిగనూరు పలక మీద ఆదోని రక్తం ఎట్ల పెడతా? రేపు లెక్కలో ఆడ లేని జ్వరం ఉన్నట్టు తేలుతుంది, ఈడ ఉన్న జ్వరం లేనట్టు తేలుతుంది. అప్పుడు మందు యాడ కొట్టల్ల?"

అరవై దాటిన లెక్కల టీచరుగా ఇప్పుడు చెబుతున్నాను, ఆయన వాదంలో తప్పు లేదు. అందుకే అంత కోపం వస్తుంది.

మా అమ్మ తలుపు వెనక అంటించిన కాగితం దగ్గరికి పోయి నిలబడింది. నాయన ఏ రోజు ఏ వీధికి ఎన్ని గంటలకు పోతాడో నెల ముందే రాసి అక్కడ అంటించేవాడు. అమ్మకు చదువు మూడో తరగతి. వేలు పెట్టి నెమ్మదిగా చదివింది. శనివారం, పదకొండు గంటలు, సాలెవాళ్ళ వీధి. మాకు చీరలు తెచ్చి అమ్మే నాగమ్మవ్వ ఉండేది ఆ వీధిలోనే.

శనివారం నాయన మొదటి బస్సుకు పోయాడు. మేము మూడో బస్సుకు పోయాం.

నాగమ్మవ్వ ఇంట్లో గుంత మగ్గం మీద ఆమె కొడుకు నేస్తున్నాడు. నన్ను అరుగు మీద బొంతలో చుట్టి పడుకోబెట్టారు. అమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని స్తంభం పక్కన కూర్చుంది. పదకొండుకు రెండు నిమిషాలుందనగా సైకిలు చప్పుడైంది. నాయన పుస్తకంలోంచి తలెత్తకుండానే అడిగాడు.

"అవ్వా, ఇంట్లో ఎవరికన్నా జ్వరముండాదా?"

"లేదప్పా."

"పోయినసారి నేను వచ్చిపోయినాక?"

"రాలేదప్పా."

"సుట్టాలెవరన్నా వచ్చినారా?"

"ఆ, వచ్చినారు. ఆదోని నుంచి, తల్లీ బిడ్డా. బిడ్డకు రోజిడిసి రోజు సలిజరం. తండ్రికి శానా పెద్ద ఉద్యోగమంట, తీరిక లేదంట పాపం."

అప్పుడు తలెత్తాడు. నేను "నాయనా" అన్నాను. అమ్మ నా తొడ మీద గిల్లి, "సారు అను" అంది.

మా నాయన అక్కడ ఏం చేయవచ్చునో నేను చాలాసార్లు ఆలోచించాను. నవ్వవచ్చు, తిట్టవచ్చు, బస్సెక్కించి పంపవచ్చు. ఆయన కలం మూత తీశాడు.

"పేరు?" అన్నాడు. అమ్మ చెప్పింది. "వయసు?" చెప్పింది. "తండ్రి పేరు?"

అమ్మ కొంగు ఇంకొంచెం ముందుకు లాక్కుంది. "ఆ పేరు నేను నోటితో సెప్పకూడదు కదా సారూ. బిడ్డనడుగు."

నేను చెప్పాను. ఆయన రాసుకున్నాడు. ఇంటిపేరు కూడా అడిగి రాసుకున్నాడు. లోపల మగ్గం ఆగిపోయింది. నాగమ్మవ్వ కొడుకు గుంతలో కూర్చునే నవ్వుతున్నాడు, అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాయన మాత్రం నా వేలు పట్టుకున్నాడు. దూదితో తుడిచాడు, పొడిచాడు, పలక మీద పూశాడు. చుక్క చెదిరింది. ఇంకో పలక తీసి మళ్ళీ పొడవాల్సి వచ్చింది. 'ఒక పలక పాడైనది' అని ఆ పుస్తకంలోనే రాశాడు. మాత్రలు తన ఎదుట మింగించి, నోరు తెరవమని, నాలుక కింద కూడా చూశాడు. తర్వాత గోడ మీద తేదీ వేసి పక్కింటికి పోయి, "అక్కా, ఇంట్లో ఎవరికన్నా జ్వరముండాదా?" అని అదే గొంతుతో అడిగాడు.

పలక అన్నిటితో పాటే కట్టలో పోయింది, ముందుగా పోలేదు. తొమ్మిది రోజులకు, సోమవారం, మలేరియానే అని జవాబు వచ్చింది. జ్వరం ఎక్కడ దొరికితే అక్కడే ఐదు రోజులు మాత్రలివ్వాలి. కనక ఆ రెండు వారాలూ మేము నాగమ్మవ్వ ఇంట్లోనే ఉన్నాం. అమ్మ వాళ్ళకు నూలు కండెలు చుట్టి పెట్టేది, రాగులు విసిరేది. నాయన ఆదోనిలో తానే వండుకుని తిన్నాడు. ఆ వీధికి రావలసిన రోజు కాదు కనక జవాబు వచ్చేదాకా మేమున్న ఇంటికి రాలేదు. సాయంత్రం డ్యూటీ అయ్యాక, బస్సుకు ముందు, వీధి మొదట్లో సైకిలు పట్టుకుని నిలబడేవాడు. నేను పోతే బొరుగుల పొట్లం చేతిలో పెట్టి, కళ్ళ కింద రెప్ప లాగి చూసి వెళ్ళేవాడు.

మాత్రలు శుక్రవారంతో అయిపోయాయి. శనివారం మళ్ళీ ఆ వీధికి రావలసిన రోజు. వచ్చాడు. మూడో ప్రశ్న దగ్గర కొంచెం ఆగి, "సుట్టాలు పోయినారా, ఇంకా ఉండారా?" అని నాగమ్మవ్వను అడిగాడు.

జవాబు అమ్మే చెప్పింది. "ఉండారు, ఉంటారు. ఈ వీధిలోనే ఇల్లు సూడమను."

"ఈడ కుళాయి లేదు" అన్నాడు నాయన చిన్నగా.

"తెలుసు. కుళాయి ఉన్న సోట నా బిడ్డ జ్వరానికి దిక్కు లేదు. దిక్కున్న సోట కుళాయి లేదు. కుళాయికి పసుపు రాసినా, జ్వరమొస్తే అది పలకలేదు. ఇల్లు సూడమను."

నాయన నాలుగిళ్ళ అవతల ఇల్లు చూశాడు. దానికంటే ముందు, ఆదోనిలో ఉండేందుకు ఇచ్చిన అనుమతి ఇక అవసరం లేదని ఆఫీసుకు రాశాడు. నేను చదువు మధ్యలో బడి మారాను. సభలో ఎవరూ చెప్పని సంగతి ఇది. ఆయన రూలు తప్పలేదు, మేమే ఊరు మారాం.

ఇప్పుడు జ్వరాలు అడగడానికని మా వీధికి వచ్చే పిల్ల గేటుకు ఫోన్ చూపించి ఫోటో తీసుకుని పోతుంది. మొన్న పిలిచి, లోపల ఎవరున్నారో అడగవా అన్నాను. "టైం లేదు ఆంటీ, ఇంకా మూడు వీధులుండాయి" అంది. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. చెప్పులు అరిగి ఉన్నాయి, ముఖం మాడి ఉంది. కోపం సగమే వచ్చింది. మంచినీళ్ళిచ్చి, గడప బయట నిలబడి అడగవలసిన మూడు ప్రశ్నలూ నేర్పించి పంపాను. మళ్ళీ రాలేదు.

కొత్త ఇంటికి నాయన డ్యూటీ మీద మొదటిసారి వచ్చిన రోజు చెప్పి ముగిస్తాను. పొద్దున ఏడుకు ఆ ఇంట్లోంచే జొన్నరొట్టె తిని బయల్దేరిన మనిషి, పదకొండూ పదికి గడప బయట నిలబడి దగ్గాడు. అమ్మ కావాలనే ఆలస్యంగా వచ్చింది. మూడు ప్రశ్నలూ అడిగాడు. "జ్వరాలు లేవు సారూ. కోపం ఉండాది. దానికేమన్నా రాసుకుంటావా?" అంది. పుస్తకం చూసి, దానికి గడి లేదన్నాడు. తర్వాత పెరట్లోకి పోయి టార్చి వేసి నీళ్ళ బానలోకి చూశాడు. దోమపిల్లలు ఆడుతున్నాయి. నిలవ నీళ్ళలో పురుగు కనబడితే పారబొయ్యాలి. బానను వంచేశాడు.

ఆ బానలో పదకొండు బిందెల నీళ్ళున్నాయి. వీధి కుళాయి దగ్గర వరసలో నిలబడి, రెండు రోజులు అమ్మ మోసినవి. అమ్మ తిడుతుందని నేను చెవులు మూసుకున్నాను. తిట్టలేదు. తడిసిన నేలను చూస్తూ మెట్టు మీద కూర్చుంది. నాయన సంచి తీసి మేకుకు తగిలించాడు. రెండు బిందెలు తీసుకుని ఖాకీ చొక్కాతోనే కుళాయి దగ్గరికి పోయాడు.

ఆ వీధి ఆడవాళ్ళకు అంతకంటే మంచి రోజు దొరకలేదు. "ఏం సారూ, ఈ పొద్దు నీళ్ళకు జ్వరమొచ్చినాదా?" అని ఒకామె. "వరస తప్పొద్దు సారూ, మా సెక్షన్ ఇది" అని నాగమ్మవ్వ. ఆయన వరస తప్పలేదు. నలభై నిమిషాలకు రెండు బిందెలతో వచ్చి, బానలో పోసి, గోడ మీద తేదీ వేసి పక్కింటికి పోయాడు.

సాయంత్రం నా చేతిరాత బాగుంటుందని నన్ను కూర్చోబెట్టి దరఖాస్తు రాయించాడు. 'ఈ దినము పదకొండు గంటల ఇరవై నిమిషముల నుండి పన్నెండు గంటల వరకు, డ్యూటీ సమయములో సొంత పని నిమిత్తము నీళ్ళు మోసినందున, అర్ధ దినము సెలవుగా పరిగణించవలెనని కోరుతున్నాను.' ఆ రోజు మిగతా ఇళ్ళన్నీ ఆయన సెలవులో ఉండే తిరిగాడన్నమాట.

అమ్మ వంటింట్లోంచి వింటూనే ఉంది. బయటికి వచ్చింది. ఈసారి నాతో కాదు, ఆయనతోనే మాట్లాడింది. "అర్ధ దినమంటే ఎన్ని గంటలు?"

"నాలుగు."

"నీళ్ళు మోసింది?"

"నలభై నిమిషాలు."

"మిగతాది ఎవరి కోసం పెట్టినావు సెలవు?"

నాయన వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. లెక్క సరిగ్గానే ఉంది. ఆయన సరైన లెక్కకు ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. మర్నాడు ఆదివారం పొద్దున ఏడింటికి, గడియారం చూసుకుని, పంచె ఎగగట్టి మొదలుపెట్టాడు. ఆరు బిందెల నీళ్ళు తెచ్చాడు. జొన్నలు చెరిగి రాళ్ళేరాడు. బట్టలు ఉతికి ఆరేశాడు. అమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని నాగమ్మవ్వతో మాట్లాడుతూ కూర్చుంది. అట్లా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. తర్వాత ఆయన రుబ్బురోలు ముందు కూర్చుని దోసెల పిండి రుబ్బుతున్నాడు. పదింబావు దాటాక గడియారం వైపు రెండుసార్లు చూశాడు. సరిగ్గా పది గంటల ఇరవై నిమిషాలకు, మిగిలిన మూడు గంటల ఇరవై నిమిషాల బాకీ తీరగానే, చేతులు కడుక్కుని లేచాడు. పిండి రోట్లో సగం నలిగి ఉంది, రుబ్బుడుగుండు పక్కకు ఒరిగి ఉంది.

మిగతాది నేను రుబ్బాను. ఇరవై రెండు నిమిషాలు పట్టింది.